పేరు రాయని మడి

రొడోపి కొండల్లోని ఒక ఊరి బడిలో దోబ్రింకా పంతులమ్మ. రెండేళ్ళ కిందట, మంచు కరిగే రోజుల్లో, ఆమె ఏడేళ్ళ కూతురు కాలీనా ఆకుల పులుసు తాగి చనిపోయింది. అడవి వెల్లుల్లి అనుకుని అత్తగారు వెలికా కోసుకొచ్చిన ఆకుల్లో మ్రాజోవెత్స్ అనే విషపుమొక్క ఆకులు కలిశాయి. ముసలావిడా అదే పులుసు తాగింది గానీ బతికి బయటపడింది. ఆనాటి నుంచి అత్తాకోడళ్ళకు మాటల్లేవు. ఇద్దరి మధ్యా నలగలేక దోబ్రింకా భర్త పట్నంలో పని వెతుక్కుని వెళ్ళిపోయాడు.

ఈ ఏడు దోబ్రింకా బడి వెనక మందుమొక్కల తోట వెయ్యడానికి పూనుకుంది. పిల్లలు చూసి నేర్చుకునేలా దగ్గుకో మడి, కడుపునొప్పికో మడి, గాయాలకో మడి గీసుకుంది. గోడనీడలో ఉన్న మడికి మాత్రం ఏ పేరూ రాయలేదు. అందులో ఆ రెండు మొక్కలూ పక్కపక్కన ఉండాలి. అవి కలిసి పెరిగే చోటు అత్తగారికే తెలుసు.

దోబ్రింకా అత్తగారి ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడింది.

"మొక్కలు తవ్వుకోవాలి. ఆ చోటు చూపించండి."

"మతిపోయిందా నీకు? పసివాళ్ళ మధ్య నాటుతావా దాన్ని?"

"చూడకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది అత్తయ్యా?"

"నన్ను ఏడిపించడానికి ఇంకే దారీ దొరకలేదుటే!" అంటూనే వెలికా తలకి గుడ్డ చుట్టుకుని బయల్దేరింది.

వాగు ఒడ్డున ఒక ఆకు తుంచి, నలిపి, కోడలి ముక్కు దగ్గర పెట్టింది. వెల్లుల్లి వాసన. ఇంకో ఆకు నలిపింది. అదీ అదే వాసన.

"ఈ రెండోది విషపుది. వాసన దానిది కాదు, నా వేళ్ళది. ఆ రోజు ప్రతి ఆకూ వాసన చూసే కోశానే. ఒక్కటి వదల్లేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా!"

దోబ్రింకా తడినేల మీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఆమెను నిలబెట్టింది కోపమే. ఇప్పుడు తిట్టుకోవడానికి ఎవరూ లేరు. బిడ్డ లేదన్న నిజం ఒక్కటే మిగిలింది.

మొక్కలు నాటాక ఆ మడి దగ్గర చెప్పిన మొదటి పాఠానికి వెలికా కూడా వచ్చింది. "ముక్కుని నమ్మకండర్రా! అడవి వెల్లుల్లి ఆకు దేనికదే సన్నటి కాడతో వస్తుంది. ఈ విషపుదానికి కాడే ఉండదు, చూడండి" అని చూపించింది.

"తింటే ఏమవుతుంది బామ్మా?" అని ఒక పిల్ల అడిగింది.

వెలికా కోడలి వైపు తిరిగింది.

"మా కాలీనా తింది" అంది దోబ్రింకా. "కిటికీ పక్కన కూర్చునేది, గుర్తుందా?"

పాఠం అయ్యాక దోబ్రింకా అత్తగారి చేతులకు నీళ్ళు పోసింది. ముసలావిడ ఎంతసేపటికీ కడగడం ఆపలేదు. చెంబు ఖాళీ అయితే కోడలు మళ్ళీ నింపుకొచ్చి పోసింది.