ఎడమ కంటి అద్దం మీద పసుపు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. పెనుగంచిప్రోలులో మా పుట్టింటి పెరటి గోడకి అవతల శ్మశానమే. కళ్లంలో ఎండబోసిన మిరపకాయలకి కాపలాగా నాన్నతో పాటు ఆ పక్కనే పడుకునేదాన్ని. ఎప్పుడూ ఏమీ కనపడలేదు. కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికి రాస్తున్నది కాదు.

నేను ఇళ్లకి ప్లాన్లు గీస్తాను. చాలాకాలం నందిగామ నుంచి విజయవాడకి రోజూ బస్సులో నిలబడి వెళ్లి ఒక కంపెనీలో పనిచేశాను. అది మానేసి ఇంట్లోనే ఆఫీసు పెట్టుకోమన్నది మా అత్తయ్య.

"జగ్గయ్యపేటకీ బెజవాడకీ మధ్య ఇళ్లు కట్టుకునేవాళ్లే లేరా ఏంటి? ముందు గది నువ్వు తీసుకో. వంట సంగతి నాకొదిలెయ్," అంది. అన్నట్టే ముందు గదిలోని తన మంచం వెనక గదిలోకి మార్పించుకుంది. సొంత కూతురికైనా అంత చేస్తారో లేదో నాకు తెలియదు.

ఆఫీసు పెట్టిన కొన్నాళ్లకే ఆవిడ గుండెపోటుతో పోయింది.

ఆ తర్వాతే నేను వీఆర్ హెడ్‌సెట్ కొన్నాను. కళ్లకి పెట్టుకుని వైరుతో కంప్యూటర్‌కి కలిపితే, ఇంకా కట్టని ఇంట్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. మొదట చూడటానికి వచ్చింది జగ్గయ్యపేటలో లారీలు తిప్పే ఖాసిం గారు, ఆయన భార్య షమీమ్ గారు. పునాదులకి ముగ్గు పోయించేలోపు వంటిల్లు తన కళ్లతో చూసుకోవాలని ఆవిడ పట్టు.

పెట్టుకున్న కాసేపటికే తీసేశారు. "అంతా మసగ్గా ఉందమ్మా. కళ్లు తిరుగుతున్నాయి," అన్నారు.

"ఆదివారం వస్తాం లెండి. అప్పటికీ కుదరకపోతే బెజవాడలో ఇంకెవరి చేతైనా గీయించుకుంటాం, ఏమనుకోకండి," అన్నారు ఖాసిం గారు.

అనుకోవడానికేముంది. కానీ పాత కంపెనీ వాళ్లు అప్పటికే మళ్లీ రమ్మంటున్నారు, సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు. చేతిలో వేరే పని లేదు. వీళ్లు కూడా వెళ్లిపోతే ఆఫీసు మూసేసి మళ్లీ బస్సెక్కాల్సిందే.

ఆ రోజు నుంచీ హెడ్‌సెట్ మీద పడ్డాను. మధ్యలో ఉన్న యూఎస్‌బీ హబ్ తీసేసి వైరు నేరుగా కంప్యూటర్ వెనక గుచ్చాను. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ మార్చాను. బొమ్మ రిజల్యూషన్ పెంచాను, కంప్యూటర్ మొరాయిస్తే తగ్గించాను. రెండు అద్దాల మధ్య దూరం నా కళ్లకి సరిపెట్టుకున్నాను. కుడి కంటికి బొమ్మ తేటపడింది. ఎడమ కంటికి మాత్రం పొగమంచులోనే ఉండిపోయింది.

దీపం వెలుతురులో పెట్టి చూస్తే ఎడమ అద్దం మీద పసుప్పచ్చటి మరక కనిపించింది. "వంట చేసిన చేత్తోనే పట్టుకున్నావా?" అన్నాడు మా ఆయన. అయ్యుంటుందనుకున్నాను. మెత్తటి గుడ్డతో తుడిచాను. కొంత నయమనిపించింది గానీ మసక పూర్తిగా పోలేదు.

మర్నాడు పొద్దున చూస్తే మరక మళ్లీ ఉంది. ఈసారి చేతులు సబ్బుతో కడుక్కుని, తుడిచి, అట్టపెట్టెలో పెట్టి బీరువా తాళం వేశాను. తాళంచెవి నా మెడలోని గొలుసుకే ఉంది. పిల్లలు హాస్టల్లో ఉన్నారు, ఇంట్లో మేమిద్దరమే.

ఆదివారం పొద్దున బీరువా తీశాను. ఎడమ అద్దం మీద బొటనవేలంత పసుపు, దాని నడుమ చిన్న కుంకుమ చుక్క.

హెడ్‌సెట్ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా అత్తయ్య బొట్టు పెట్టకుండా వాడనిచ్చేది కాదు. మిక్సీకి, ఫ్రిజ్‌కి, మా ఆయన బండికి. నా కంప్యూటర్‌కైతే సరిగ్గా తెర నడిమధ్యన పెట్టింది. ఇదేంటత్తయ్యా అంటే, "బొట్టు మొహాన పెట్టక ఎక్కడ పెడతారే?" అంది. ఆవిడ పోయిన ఏడాది మాకు పండగల్లేవు, దసరాకి వస్తువుల పూజా లేదు. ఈ హెడ్‌సెట్ ఒక్కటే బొట్టు లేకుండా ఇంట్లోకి వచ్చింది.

భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

అద్దం తుడిచేసి, పసుపు తడిపి, హెడ్‌సెట్‌కి పైన, నుదురు ఉండే చోట బొట్టు పెట్టాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఇంకా సంవత్సరీకం కాలేదు కదా," అన్నాడు.

"మీ అమ్మకే తొందరగా ఉంది," అన్నాను.

ఆయన వెళ్లి టీ పెట్టాడు.

హెడ్‌సెట్ పెట్టుకుని చూశాను. సెట్టింగులన్నీ ముందురోజువే, ఒక్కటీ మార్చలేదు. రెండు కళ్లూ ఒకేలా, తేటగా ఉన్నాయి. గోడ మీది టైల్స్ గీతలు కూడా లెక్కపెట్టొచ్చు.

షమీమ్ గారు వచ్చాక ఆ బొట్టు చూసి, "కొత్తదిగా, పెట్టుకోవాలి లెండి," అంటూ తలకి తగిలించుకున్నారు. లేని పొయ్యిగట్టు ముందు నిలబడి, లేని కిటికీలోంచి బయటికి తొంగి చూశారు. గట్టు ఎత్తు కొంచెం తగ్గించమన్నారు. "ఇంక ముగ్గు పోయించండి," అన్నారు భర్తతో.

సోమవారం కంపెనీ వాళ్లకి ఫోన్ చేసి రానని చెప్పాను.

ఆ మరక హెడ్‌సెట్ లోపలి మెత్తటి ఫోమ్ ముక్క రంగు అయ్యుంటుందని మా ఆయన అంటాడు. కాదనను. ఫోమ్ ముక్క నల్లగా ఉంటుందని మాత్రం ఆయనకీ తెలుసు. పైన బొట్టు పెడితే లోపల మసక ఎందుకు పోయిందో, తాళం వేసిన బీరువాలోకి కుంకుమ ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లెవరూ చెప్పలేకపోయారు.

సంవత్సరీకం అయిపోయింది. పని బాగానే నడుస్తోంది, ఒక్కోవారం ఊపిరి సలపదు. అయినా పొద్దున్నే బీరువా తీసినప్పుడు ముందు ఆ ఎడమ అద్దమే చూస్తాను, ఏమైనా ఉందేమోనని. ఏమీ ఉండదు. శుభ్రంగా ఉన్నదాన్నే ఓసారి గుడ్డతో తుడిచి పనిలో పడతాను.