కారు డోరులో చెరువు

పొద్దున లేవగానే నర్సింగం కాక చేసే మొదటి పని కారుకు స్నానం చేయించడం. తన స్నానం సంగతి తరువాత. రాత్రంతా ఓపెన్ కాస్టు గని నుంచి గాలికి వచ్చి పడ్డ బొగ్గు దుమ్ముతో ఆ తెల్ల మారుతి తెల్లారేసరికి బర్రె రంగుకు తిరిగి ఉంటుంది. బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి, అద్దాల మీది నుంచి డోర్ల మీదికి చెంబుతో పోస్తాడు. శివునికి అభిషేకం చేసినట్టే, నోట్లో ఏదో అనుకుంటూ, నిమ్మళంగా పోస్తాడు. ఆ తరువాత నాలుగు డోర్లకూ పసుపు రాసి బొట్టు పెడతాడు. ఎదురింట్లో నేను వాకిలి ఊడుస్తూ ఉంటే, "దుమ్ము లేస్తది బిడ్డా" అంటూ మిగిలిన నీళ్ళు మా వాకిట్లో చల్లి పోతాడు.

ఆయన బొగ్గుబాయిలో పంపు ఆపరేటరు. బాయి అడుగున ఊరే నీళ్ళను పైకి తోడి పోయడమే కొలువు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, గోదావరిఖనిలో మా గల్లీకి వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఆ వెంటనే ఈ పాత కారు కొన్నాడు. కొన్నది భార్య సమ్మవ్వ కోసం. కొలువున్నన్ని రోజులూ ఆమె పెండ్లికి పోయినా, గుడికి పోయినా సంచి చంకన పెట్టుకొని ఒక్కతే బస్సెక్కింది. "నీ పెనిమిటి ఏడి?" అని అడిగిన ప్రతివాళ్ళకూ "డ్యూటీల ఉన్నడు" అని చెప్పీ చెప్పీ ఆమె నోరు అలిసిపోయింది. "ఇగ నువ్వు బస్సెక్కుడు బంద్. నా పక్క సీట్ల కూసోవాలె, గంతే" అన్నాడట కారు ఇంటికి వచ్చిన రోజు.

కానీ ఆ పక్క సీటు డోరుకే తుప్పు పట్టింది. అడుగు అంచున మొదలై, రంగు కింద పూరీ ఉబ్బినట్టు ఉబ్బింది. నర్సింగం కాక దాని మీద ఇంకో పూత రంగు వేసి చేతులు దులుపుకున్నాడు. నెల తిరిగేసరికి ఆ పూరీ పగిలింది. ఆ పగిలిన అంచుకే, నస్పూర్‌లో బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి దిగుతుండగా, సమ్మవ్వ కొత్త పట్టుచీర తట్టుకొని పర్రుమన్నది. పందిట్లో ఉన్నవాళ్ళంతా చూశారు.

ఇంటికి వచ్చి ఆమె ఒకటే మాట చెప్పింది. "గా డోరు మంచిగయ్యేదాంక నీ కార్ల కాలు పెట్ట. సోమవారం ఏములాడకు బస్సుల పోత. నువ్వు నీ జంగు పట్టిన డబ్బల పడి రా."

శ్రావణ సోమవారం వేములవాడ రాజన్నకు ఆమె మొక్కు ఉంది, గుడి దగ్గర కోడెను కట్టే మొక్కు. ఇద్దరూ కలిసి పోదామని కాక ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాడు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదని ఆమే నాకు చెప్పింది. చెప్పి, "తినకుంటే తినకపాయె" అని ఒక గిన్నెలో పెరుగు మూతపెట్టి దాచింది.

తెల్లారి నర్సింగం కాక వైద్యం మొదలుపెట్టాడు. దేవుని ఇత్తడి సామాన్లు చింతపండుతో తళతళ మెరుస్తాయి కదా, అదే ఉపాయం డోరుకు చేశాడు. చింతపండు రసం, ఉప్పు, నిమ్మచెక్క.

సమ్మవ్వ గడపలో నిలబడి చూసింది. "ఏమయ్యా, కారుకు పులుసు పెడుతున్నవా? కరివేపాకు తేవాల్నా?"

"నువ్వు నవ్వకు. మెరుస్తది చూడు."

మెరవలేదు. పైగా ఆ పులుపు సరిగ్గా కడగక, మరునాటికి డోరు ఇంకా ఎర్రబడింది. దానికి తోడు కొత్త రోగం. డోరు కదిపినప్పుడల్లా లోపలి నుంచి బెక్ బెక్ అని చప్పుడు. కీళ్ళు అరుస్తున్నాయని కాక నూనె పోశాడు. చప్పుడు ఆగలేదు. ఇంకొంచెం పోశాడు. ఈసారి ముట్టుకోకపోయినా అరిచింది.

అప్పుడే కామేశ్వరరావు గారు వచ్చారు. కోస్తా నుంచి వచ్చి, కంపెనీ ఆఫీసులో చేసి, ఇక్కడే స్థిరపడిన మనిషి. పక్కిల్లే. పనిముట్ల డబ్బా ఎవరికి అవసరమైనా తానే మోసుకొచ్చి ఇస్తారు. డోరుకు చెవి పెట్టి విన్నారు.

"నర్సింగం గారూ, ఇది కీలు కాదండీ. కప్ప!"

"కార్ల కప్పేంది సార్, పరాచికాలా?"

ఆయన డోరు పట్టుకొని ఊపారు. లోపల గుడుగుడుమని నీళ్ళు కదిలాయి. కింద కూర్చొని అడుగు అంచు తడిమారు. "డోరు అడుగున నీళ్ళు పోవడానికి చిన్న చిల్లులుంటాయి. మీ కారుకు లేవేమిటండీ?"

కాక మొహం చిన్నబోయింది. "ఉండె సార్. నేనే మూసిన. గా బొక్కల నుంచి బొగ్గు దుమ్ము లోపలికి వస్తదని, పైపులకు పెట్టే సీలు ముద్ద తెచ్చి అన్నిటికి గట్టిగ పెట్టిన."

కామేశ్వరరావు గారు స్క్రూడ్రైవరుతో ఒక ముద్దను పొడిచారు. అంతే, ఎర్రటి నీళ్ళు చివ్వున వచ్చి ఆయన తెల్ల లుంగీని మోకాళ్ళ దాకా తడిపాయి. వానలకు తోడు రోజూ చేసిన అభిషేకమంతా అద్దం సందు నుంచి దిగి అక్కడే నిలిచి, డోరును లోపలి నుంచి తింటోంది.

సమ్మవ్వ నవ్వు ఆపుకోలేక గడప పట్టుకొని కూలబడింది. "ఓ రాజన్నా! బాయిల నీళ్ళన్ని తోడి పోసిన మొగోడు, ఇంటికొచ్చి కార్ల చెరువు తవ్విండు!"

డోరు లోపలి అట్ట విప్పారు. మూల నుంచి చిన్న కప్ప ఒకటి కళ్ళు మిటకరించింది. కాక చీపురు అందుకోబోతే సమ్మవ్వ ఆపింది. "కొట్టకు, పాపం. గింత వానాకాలం నీ ఇంట్ల కిరాయికున్నది." దాన్ని చాటలోకి ఎక్కించి, పెరట్లో మల్లెచెట్టు కింద వదిలి వచ్చింది.

ఆ తరువాత ఇద్దరు మగవాళ్ళూ రెండు రోజులు ఆ డోరుతోనే కాపురం చేశారు. నాలుగు డోర్ల చిల్లులన్నీ తెరిచారు. తడి పూర్తిగా ఆరనిచ్చారు. ఇనుప బ్రష్షుతో తుప్పు రాల్చి, మెరిసే రేకు కనిపించేదాకా ఉప్పుకాగితంతో రుద్దారు. ఎర్ర ప్రైమరు పూసి, గుంటల్లో లప్పం నింపి, మళ్ళీ రుద్ది, మళ్ళీ ప్రైమరు పూసి, ఆపైన తెల్ల రంగు వేశారు. లోపలి అడుగుకు గ్రీజు పట్టించారు. "ఇక రోజూ పోస్తే పోశారు గానీ, గుడ్డతో తుడిచి, చిల్లుల్లో చీపురుపుల్ల ఆడించండి" అని కామేశ్వరరావు గారు చెప్పారు. రంగు తడి మీద ఉండగా తుప్పర వాన మొదలైతే, సమ్మవ్వ ప్లాస్టిక్ పట్టా తెచ్చి, డోరుకు తగలకుండా ఒక కొస తానే పట్టుకొని నిలబడింది.

"అయితే కార్ల వస్తవన్నట్టేనా?" అని కాక ఆశగా అడిగాడు.

"రంగు ఖరాబైతదని పట్టిన. నిన్ను చూసి కాదు." పట్టా కొస ఇంకొంచెం పైకెత్తి, "వస్తలే" అంది.

ఆదివారం సాయంత్రం అట్ట బిగించాక నర్సింగం కాక లోపల కూర్చొని హాండిల్ లాగి చూశాడు. వదులుగా ఊగింది తప్ప డోరు తెరుచుకోలేదు. బయటి నుంచి మాత్రం చక్కగా వస్తోంది. చీకటి పడింది, పొద్దున్నే ప్రయాణం. ఈ మాట చెబితే మళ్ళీ బస్సంటుందని ఆయన ఆ సంగతి దాచిపెట్టాడు.

సోమవారం కరీంనగర్‌లో చాయ్‌కి ఆగినప్పుడు, ఆమె చెయ్యి హాండిల్ మీద పడకముందే కాక దిగి, కారు చుట్టూ ఉరికి వచ్చి, డోరు తీసి పట్టుకున్నాడు. వేములవాడలో గుడి ముందర, అంత జనంలో, అట్లనే. కోడెను కట్టి, దర్శనం చేసుకొని తిరిగి వచ్చి ఇంటి ముందర దిగేటప్పుడూ అట్లనే. సమ్మవ్వ కొంగు సర్దుకొని, అధికారి భార్యలా నిమ్మళంగా దిగింది.

మంగళవారం నీళ్ళకు వచ్చి గల్లీ అంతా వినేటట్టు చెప్పింది. "మా ఆయన ఇప్పుడు నన్ను డోరు ముట్టనిస్తలేడే. ఉరికొచ్చి తనే తీస్తడు. గుడికాడ ఒక పట్నపామె తన మొగునికి చూపెట్టింది, 'గట్ల తియ్యాలె' అని!" అంటూ ఆమె మొహమంతా వెలిగిపోయింది.

ఆ మధ్యాహ్నం కామేశ్వరరావు గారు అరచేతిలో చిన్న ప్లాస్టిక్ క్లిప్పు పెట్టుకొని వచ్చారు. "నర్సింగం గారూ, మన్నించాలి. ఇది నా డబ్బాలో మిగిలిపోయిందండీ. లోపలి హాండిల్ కడ్డీని పట్టుకునేది ఇదే. ఐదు నిమిషాల్లో పెట్టేస్తాను, పాపం మీరు ప్రతిసారీ దిగి..."

నర్సింగం కాక వెనక్కి తిరిగి ఇంట్లోకి ఒకసారి చూశాడు. క్లిప్పు ఉన్న ఆయన అరచేతిని తన రెండు చేతులతో మెల్లగా మూశాడు.

"సార్, మీకు దండం పెడత. దాన్ని మీ డబ్బలనే ఉండనియ్యున్రి."