మోండా మార్కెట్‌లో మైకు పరీక్ష

పోయిన నెల ఒక పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ చూసుకుంటుంటే అల్వాల్ నుంచి మా పై పోర్షన్ ఆంటీ వాళ్ల చెల్లెలు ఫోన్ చేశారు. కొన్నాళ్లు ఉండి వస్తానని ఆంటీ అక్కడికి వెళ్లారు. "అక్క నిద్దట్లోనే వెళ్లిపోయిందమ్మా," అన్నారావిడ. పాలు పొంగిపోయి పొయ్యి ఆరిపోయింది. అది తుడుస్తూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఆంటీ ఉంటే ఈ పాలు పొంగిన చప్పుడు ఎంత బాగుందో, రికార్డు చేశావా అని అడిగి ఉండేవారు కదా అనుకుని నవ్వొచ్చింది. ఆవిడ గురించి రాయాలంటే ఈ రెండూ కలిసే వస్తాయి, నన్నేం చేయమంటారు.

మీలో చాలామందికి ఆవిడ ముఖం తెలియదు. కానీ ఊళ్ల గురించి, అడవుల గురించి తీసిన డాక్యుమెంటరీలు చూసే అలవాటుంటే, అందులో రేకుల మీద పడిన వాన, చేలో వీచిన గాలి, ఎవరో ముసలాయన దగ్గి మళ్లీ మాట అందుకోవడం, వీటిలో కొన్నయినా ఆవిడ పట్టినవే అయ్యుంటాయి. ఆంటీ సౌండ్ రికార్డిస్టు. ఆడవాళ్లు ఆ పనికి రారని అందరూ అనుకునే రోజుల్లోనే భుజాన మిషను తగిలించుకుని బయల్దేరిన మనిషి. విజయనగరం వైపు నుంచి ఉద్యోగాల కోసం సికింద్రాబాద్ వచ్చి కార్ఖానాలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఇన్నేళ్లున్నా ఆ మాట తీరు మాత్రం వదల్లేదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి, "లగేజీ ఎక్కువైపోద్ది," అని చెప్పి ఊరుకునేవారు.

నేను కింది పోర్షన్‌లో అద్దెకి దిగినప్పుడు నా దగ్గర ఒక కెమెరా, బోలెడంత ఉత్సాహం ఉన్నాయి. సినిమా అంటే బొమ్మే అనుకునే రకాన్ని. మొదటిసారి మెట్ల మీద ఎదురుపడినప్పుడు నేనేం చేస్తుంటానో అడిగి, నా కెమెరా గురించి నేను గొప్పలు చెబుతుంటే ఓపిగ్గా విని, "మరి వినిపించడానికేటి తీసికెళ్తన్నావు?" అన్నారు. ఆ ప్రశ్నతోనే మా స్నేహం మొదలైంది. అప్పట్నుంచి నేను ఊరు దాటి ఎక్కడికి షూటింగ్‌కి వెళ్లాలన్నా, ఏ రికార్డరు, ఏ మైకు తీసుకెళ్లాలన్నది ఆంటీయే తేల్చేవారు.

ఆ తేల్చడం చూసి తీరవలసిందే. దుకాణంలో చల్లగా ఏసీలో కూర్చోబెట్టి చూపిస్తే ప్రతి మిషనూ పెళ్లిచూపుల్లో కూర్చున్న అబ్బాయిలా బుద్ధిమంతుడిలాగే కనిపిస్తుందనేవారు. అందుకని దాన్ని ఒక పూటకి అరువడిగి తెచ్చి, సంచీలో పెట్టి భుజాన వేసుకుని, చేత్తో గెడకి కట్టిన మైకు పట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని మోండా మార్కెట్‌కి బయల్దేరేవారు. నిజంగానే కూరలు కొనడానికి. అక్కడి అరుపులు, ఆటోల హారన్లు, తక్కెళ్లు, గొడవలు, అంత రద్దీలోనూ వంకాయలమ్మే ఒక్కావిడ గొంతు విడిగా పట్టాలి. పట్టుకుంటూనే బేరమాడాలి. రెండు చేతులూ నిండిపోయాక కూడా మిషను వంక చూడకుండా వేళ్లతో తడిమి చప్పుడు పెంచే మీట తిప్పగలగాలి. ఇంటికొచ్చేసరికి భుజం నొప్పి పెట్టకూడదు, కూర మర్చిపోకూడదు. కూర మర్చిపోతే మిషను ఫెయిలు. "అడివిలో జారే గట్టు మీద నడుస్తూ పని చెయ్యాలమ్మా, ఇక్కడే బుర్ర తినీసే మిషను అక్కడ నిన్ను బతకనిస్తాదా?" అనేవారు.

గాలి హోరు పడకుండా మైకుకి బొచ్చు తొడుగు ఒకటి వేస్తారు. అది చూసి మార్కెట్‌లో పిల్లలు పిల్లి అని వెంటపడేవాళ్లు. ఆంటీ కాదనేవారు కాదు. దానికి చేపలు కూడా బేరం చేసేవారు.

ఇంకో షరతు సెల్లులది. ఊరి చివరి కిరాణా కొట్లో కూడా దొరికే పెన్సిల్ సెల్లులతో నడవని మిషను ఎంత గొప్పదైనా ఇంట్లో పెట్టుకుని పూజ చేసుకోవాల్సిందే తప్ప పట్టుకెళ్లడానికి లేదు. ఇక తేమ పట్టకుండా మైకుల్ని స్టీలు టిఫిన్ డబ్బాలో బియ్యం పోసి అందులో దాచేవారు. షూటింగ్ నుంచి తిరిగి రాగానే ఆ బియ్యం పారేసే ప్రశ్నే లేదు. పులిహోర కలిపి అందరికీ పంచేవారు. మా బిల్డింగులో దాన్ని మైకు పులిహోర అంటాం. దాన్ని తినడానికి ఎదురుచూసినంతగా నా సినిమాల కోసం ఎవరూ ఎదురుచూడలేదని కచ్చితంగా చెప్పగలను.

ఇన్ని పరీక్షలు పెట్టే మనిషికీ ఒకసారి దెబ్బ తగిలింది. నాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది ఆ దెబ్బే.

శ్రీకాకుళం కొండల్లో ఒక గూడెంలో జొన్నచేనుకి మంచె మీద కావలి కాసే అవ్వ ఉందని, పాటలతోనే చిలకల్ని తోలుతుందని విని, ఆవిడ మీద చిన్న సినిమా తీద్దామనుకున్నాను. తోలడమంటే అరవడమే కదా అనుకున్నాం ఇద్దరం. అంచేత ఎంత పెద్ద అరుపైనా బొంగురుపోకుండా పట్టే చిన్న రికార్డరు ఒకటి ఎంచారు ఆంటీ. తేలిగ్గా ఉంది, పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. మోండా మార్కెట్ పరీక్షలో మొదటి తరగతిలో పాసైంది. ఆ రోజు వంకాయలు, దొండకాయలు, కొత్తిమీర, ఏదీ మర్చిపోలేదు.

తీరా వెళ్లాక తెలిసింది, అవ్వ అరవదని. మంచె మీద కూర్చుని, పక్కనున్న మనవరాలికి జోల పాడుతున్నట్టు, సన్నగా లోగొంతులో పాడుతుంది. చిలకలు లేచిపోతాయి. ఎందుకు అరవవని అడిగితే, "నా గొంతు ఆటికి తెలుసు. మెల్లగా సెప్తే ఎగిరిపోతాయి," అంది. మేం చేరేసరికి ఆలస్యమైంది. మర్నాడే కోత. కోత అయితే ఈ ఏటికి మంచె దింపేస్తారు. అవ్వకి కూడా ఒంట్లో బాగుండటం లేదు, పై ఏడు ఎక్కనని ముందే చెప్పేసింది. మా చేతిలో ఉన్నది ఆ ఒక్క పొద్దుటి పూటే.

ఆంటీ కింద నిలబడి గెడతో మైకు పైకెత్తారు. హెడ్‌ఫోన్లలో కాసేపు విని, చాలా తృప్తిగా తలూపి, నువ్వూ విను అని నా చెవులకి పెట్టారు. పాట ఉంది. కానీ పాట కింద, కుక్కరు కూతకి ముందు ఆవిరి పట్టినట్టు సుయ్యిమని ఒకటే సొద. అది మిషను సొంత చప్పుడు. అంత సన్నటి గొంతు అందుకోవాలని మీట పైకి తిప్పేసరికి బయటపడింది. సికింద్రాబాద్‌లో, ఆ మార్కెట్ హోరులో, అది ఏ దేవుడికీ వినిపించదు. మేమిద్దరం చప్పుళ్ల మధ్య బతికేవాళ్లం. చప్పుడు లేని చోటు ఒకటుంటుందని, అక్కడ కూడా మిషనుని పరీక్షించాలని మాకు తోచనే లేదు.

సుయ్యిమంటోంది ఆంటీ అన్నాను. హెడ్‌ఫోన్లు తీసుకుని మళ్లీ విన్నారు. రెండు చేతులతో చెవులకి నొక్కి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నారు. పైన అవ్వ పాడుతూనే ఉంది. ఆంటీ కళ్లు తెరిచి, "నాకేటీ వినబళ్లేదు," అన్నారు.

మిషను తప్పు కన్నా అది పెద్ద మాట. మిషను సొద మోండా మార్కెట్ హోరులో తప్పించుకుంది సరే, ఇక్కడ ఇంత నిశ్శబ్దంలో కూడా ఆవిడకి అందలేదంటే, వయసుతో ఆవిడ చెవిలో సన్నటి చప్పుళ్లు వినే శక్తి తరిగిపోయిందని ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. ఆవిడ బతుకంతా ఆ చెవులే. నేను జొన్నకంకుల వంక చూస్తూ నిలబడ్డాను.

ఆంటీ మాత్రం, "దూరం తగ్గిస్తే సరి. మైకు అవ్వ గుండెల మీద పెట్టీద్దాం," అని సంచీలోంచి చీరకి తగిలించే చిన్న మైకు తీసి మంచె ఎక్కబోయారు. ఆంటీ ఒళ్లు చేసిన మనిషి. అవ్వ పాట ఆపి పైనుంచి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వెక్కకమ్మా, మంచె ఇరిగిపోద్ది. ఆ బక్కదాన్ని పంపు."

ఆంటీకి ఎంత నవ్వొచ్చిందంటే, ఆ నవ్వుకి చేనులో సగం చిలకలు లేచిపోయాయి. అవ్వ మెచ్చుకోలుగా చూసింది. బక్కదాన్ని నేను పైకెక్కి, అవ్వ పైట అంచుకి మైకు తగిలించాను. మైకు తీగ, నా హెడ్‌ఫోన్ల తీగ రెండూ కిందికి వేలాడాయి. మిషను ఆంటీ మెడలో ఉంది. మాట్లాడితే పాటలో పడుతుంది కాబట్టి నన్ను నోరు మెదపొద్దన్నారు. సొద వినిపిస్తే మొహం చిట్లించమన్నారు, పోతే మామూలుగా ఉండమన్నారు. మైకు దగ్గరికి వచ్చింది కనుక మీట అంత పైకి అక్కర్లేదు. ఎంతకి దించాలో మాత్రం నా మొహమే చెప్పాలి.

అవ్వ మళ్లీ అందుకుంది. కింద ఆంటీ తలెత్తి నా మొహంలోకి చూస్తూ వేళ్లతో మీట కొంచెం కొంచెంగా దించుతున్నారు. ఒకచోట సొద ఆగిపోయింది. పాట ఒక్కటే మిగిలింది. ఊపిరి పీల్చుకోవడం, మధ్యలో అవ్వ గొంతు తడుపుకోవడం, గాజులు కదలడం, అన్నీ. నా మొహం ఏమైందో నాకు తెలియదు గానీ, ఆంటీ మీట మీంచి వేలు తీసేసి, గెలిచిన పిల్లలా కొంగు నడుముకి దోపుకున్నారు. ఆ పూటంతా పాడించుకున్నాం. ఆ సినిమా చూసినవాళ్లు అవ్వ మా చెవిలోనే పాడినట్టుందంటారు. నిజమే, ఆంటీకి మాత్రం అవ్వ నా మొహంలోనే పాడింది.

తిరుగు రైల్లో అడిగాను, బాధగా లేదా అని. ఉందన్నారు. దాచుకోలేదు, పెద్దది చేసుకోలేదు. వేరుశనక్కాయలు ఒలుస్తూ, "కళ్లజోడు పెట్టుకోడానికి సిగ్గు పడతామేటి? చెవికి నిన్ను పెట్టుకుంటాను," అన్నారు. ఇంటికి రాగానే తనని పిలిచే షూటింగ్ యూనిట్లవాళ్లందరికీ తానే ఫోన్ చేసి సంగతి చెప్పేశారు. పిలవడం మానేస్తారేమోనని నేను భయపడ్డాను. ఒకరిద్దరు మానేశారు కూడా. మిగతావాళ్లు చెవులు బాగున్న ఒక కుర్రాడినో అమ్మాయినో వెంటబెట్టుకుని వచ్చి, ఆంటీ ఎదురుగా కూర్చోబెట్టి, మిషను ఎంచుకుని పోయేవాళ్లు. ఆవిడ పని ఆగలేదు. నాకు ఆవిడ మీద గౌరవం ఎప్పుడూ ఉండేది. ఆ తర్వాత గర్వం కూడా కలిగింది.

ఇక పరీక్షకి నిశ్శబ్దం కావాలి. సికింద్రాబాద్‌లో అది ఎక్కడ దొరుకుతుంది? గుడికి వెళ్తే గంటలు, లైబ్రరీకి వెళ్తే గుసగుసలు, మా బిల్డింగులో నీళ్ల మోటారు. వెతికి వెతికి అలిసిపోయి మార్కెట్ దగ్గర పరుపుల దుకాణం మెట్ల మీద కూలబడ్డాం. దుకాణం భాయ్ ఆంటీకి పాత పరిచయం, దిళ్లన్నీ అక్కడే కుట్టించుకునేవారు. సంగతేంటని అడిగి, విని, లోపలికి చెయ్యి చూపించాడు.

"ఏంది మేడం, గింత దానికి పరేషాన్ ఎందుకు? మా దూది రూముల జెర కూసోండ్రి. మీ గుండె చప్పుడు సుత ఇనబడతది."

అతను చెప్పింది అక్షరాలా నిజం. నాలుగు గోడలకీ కప్పు దాకా పరుపులు, దూది మూటలు. తలుపు వేస్తే మోండా మార్కెట్ అంతా మాయమైపోయింది. ఆంటీ ఆనందానికి హద్దు లేదు. ఆ రోజు నుంచీ ప్రతి మిషనుకీ రెండు పరీక్షలు. ముందు కూరల మధ్య, తర్వాత దూది మధ్య. రెండూ పాసైతేనే కొండ ఎక్కనిచ్చేవారు. భాయ్ మాకు చాయ్ కూడా పంపేవాడు, కప్పూ సాసరూ చప్పుడు కాకుండా గ్లాసులో.

ఇప్పుడు నాకు కొత్త రికార్డరు కావాలి. ఈ చలికాలం ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ల దగ్గరికి వెళ్తున్నాను. మిషను ఎంచే పద్ధతంతా నాకు వచ్చు, ఆవిడే నేర్పారు. అయినా ఎదురుగా ఆవిడ లేకుండా ఎలా ఎంచాలో తెలియడం లేదు. చాలా బెంగగా ఉంది, ఆ మాట చెప్పుకోవడానికే ఇదంతా రాశాను.

అల్వాల్ వెళ్లేముందు ఆఖరిసారి దూది గదికి వెళ్లాం. అరువు తెచ్చిన మిషన్లు రెండు. ఆవిడని ఏడిపిద్దామని మొదటిదానికి నేను మొహం రాయిలా పెట్టాను. సొద వినిపిస్తున్నా కనురెప్ప కదల్చలేదు. ఆవిడ ఇటు చూసి అటు చూసి, "ఇది వొద్దు. నీ ముక్కు చెప్పీసింది," అన్నారు. నవ్వాగాక రెండోది తగిలించుకున్నాను. అందులో ఏమీ లేదు, ఒట్టి నిశ్శబ్దం. ఆంటీ పరుపుల దొంతర మీద కూర్చున్నారు, కాళ్లు నేలకి అందక చిన్నపిల్లవిలా వేలాడుతున్నాయి. గదిలో దూది నూగు నెమ్మదిగా దిగి ఆవిడ కనుబొమ్మ మీద వాలింది. దులుపుకుంటే చప్పుడవుతుందని దాన్ని అలాగే ఉంచుకుని, ఊపిరి కూడా బిగబట్టి, నా ముఖాన్ని వింటున్నారు.