రేపటి మధ్యాహ్న భోజనం

లవోన్ జెలినెక్ మొహం ఎరగనివాళ్ళు మా జిల్లాలో ఉన్నారేమో గాని, గొంతు ఎరగనివాళ్ళు లేరు. నెబ్రాస్కా ఇసుకదిబ్బల నడుమ విసిరేసినట్టున్న నాలుగు ఊళ్ళకూ, వాటి చుట్టూ ఉన్న పశువుల దొడ్లకూ కలిపి ఒకటే బడి. ఆ బడి పరిధిని స్కూల్ డిస్ట్రిక్ట్ అంటారు, మాకు జిల్లా అంటే అదే. దాని ఆఫీసులో ఆవిడ గుమస్తా. సాయంత్రం పూట ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి మీట నొక్కిందంటే, పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఫోను మోగి ఆ నాలుగు ముక్కలూ వినిపిస్తాయి. బళ్ళో పేలు పడ్డాయి, పిల్లల తలలు చూసుకోండి. బాస్కెట్‌బాల్ ఆట వాయిదా పడింది. ఎవరిదో ఎడమకాలి బూటు దొరికింది, కుడికాలిది చూపించి పట్టుకెళ్ళండి. పరీక్షల వారం, పిల్లల్ని కసరకండి, నిద్రపోనివ్వండి. అన్నీ అయ్యాక, రేపటి మధ్యాహ్న భోజనం ఏమిటో.

భోజనం సంగతి చివర్న పెట్టడం లవోన్ ఎత్తు. ముందే చెప్పేస్తే తక్కినదంతా గాలికి వదిలేసి ఫోను పెట్టేస్తారు. అందులోనూ గురువారం వంటకమంటే మావాళ్ళు పడి చస్తారు. మాంసమూ చిక్కుడు గింజలూ వేసి వండిన ఘాటైన చిల్లీ, పక్కన పంచదార పూసిన దాల్చినచెక్క రొట్టె. తీపి రొట్టెను ఆ ఘాటులో ముంచుకు తినడమేం ఖర్మ అని బయటి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తారు. చిట్లించుకోనివ్వండి. ఆ బళ్ళో చదివిన తాతల దగ్గర్నుంచి మనవల దాకా గురువారమంటే అదే.

లవోన్ గొంతు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుందని ఊళ్ళో వేళాకోళం. ఆ ఇస్త్రీ ఊరికే రాలేదు. చెప్పింది పంపేముందు తనే ఒకసారి వింటుంది. ఎక్కడైనా గొంతు జీరపోయినా, తొందర వినిపించినా చెరిపేసి మొదటినుంచీ మళ్ళీ చెబుతుంది. తెలిసి ఒక్కసారి మాత్రం భోజనం ఊసెత్తలేదు. మూడేళ్ళ కిందట, పెద్ద తరగతి పిల్లాడొకడు కారు తిరగబడి చనిపోయినప్పుడు. ఆ వార్త చెప్పి, వెంటనే వేపుడు బంగాళాదుంపల గురించి చెప్పడానికి నోరు రాలేదామెకు. ఆ తర్వాతెప్పుడో జలుబు చేసి, పొరపాటున భోజనం చెప్పడం మరిచిపోయిందో లేదో, ఎవరు పోయారంటూ ఆఫీసు ఫోను హోరెత్తిపోయింది. భోజనం లేదంటే చావు కబురే. జిల్లా అంతా అలా అర్థం చేసుకుని కూర్చుంది.

ఈ ఉద్యోగంలోకి ఆవిడ ఎందుకొచ్చిందో చాలామందికి తెలియదు. పందొమ్మిదివందల నలభై తొమ్మిది నాటి పెద్ద మంచు తుఫానప్పుడు లవోన్ ఏడేళ్ళది. టీచరమ్మ పిల్లలందర్నీ బళ్ళోనే పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి కాపాడింది. ఆ సంగతి ఇళ్ళకు చెప్పే దారి లేదు. లవోన్ వాళ్ళ నాన్న కూతుర్ని తెచ్చుకోవడానికి నడుచుకుంటూ బయల్దేరాడు. మంచు తగ్గాక బడి కంచె పక్కనే శవమై దొరికాడు, ఇంకాస్త నడిస్తే తలుపు. అప్పట్నుంచీ మంచంటే ఆమెకు అంత భయం లేదు. ఏం జరిగిందో తెలియక రోడ్డెక్కే మనుషులంటేనే హడలు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, బడి వదిలేటప్పటికి ఆకాశం తేటగానే ఉంది. తుఫాను రాత్రికి గాని రాదని రేడియో చెప్పింది. బస్సులు బయల్దేరాయి. కాసేపటికే ఉత్తరం వైపు నుంచి గాలి లేచింది. చూస్తూ ఉండగానే జెండా కర్ర మాయమైంది, తర్వాత మైదానం, ఆ తర్వాత కిటికీ బయట ఏమీ లేదు. ఒట్టి తెలుపు.

తక్కిన బస్సులన్నీ చేరాయి. డెల్బర్ట్ నడిపే ఉత్తరపు బస్సు చేరలేదు. అందులో ఉన్న పిల్లల్లో లవోన్ మనవరాలు కార్లీ ఒకతె.

సూపరింటెండెంట్ డ్వేన్ రాస్ముసెన్ వైర్‌లెస్ పట్టుకుని బస్సును పిలిచీ పిలిచీ అలిసిపోయాడు. దిబ్బల అవతలికి ఆ వైర్‌లెస్ మామూలు రోజుల్లోనే అందదు.

"నేనే పంపించాను లవోన్. రాత్రికన్నారు కదా అని..." అని ఆగిపోయాడు.

"ఏడుపులు తర్వాత. మంచు తోసే బండి బయల్దేరిందా?"

"బయల్దేరింది. కానీ రోడ్డు మీద ఇంకెవరూ ఉండకూడదట. ఎదురుగా ఎవరి ట్రక్కు ఆగి ఉన్నా కనబడదు, గుద్దేస్తాను అంటున్నాడు డ్రైవరు. ఈపాటికి తల్లిదండ్రులు తాళంచెవులు వెతుక్కుంటూ ఉంటారు. మీరు చెబితేనే వింటారు. నిజం మాత్రం చెప్పాలి."

"నిజమే చెబుతాను. కానీ భోజనం కూడా చెబుతాను."

"ఇప్పుడా?"

"చెప్పకపోయానో, పిల్లలు పోయారనుకుంటారు. ఒక్కడూ ఇంట్లో ఉండడు."

లవోన్ ఫోను అందుకుంది. కార్లీ పొద్దున బస్సు దిగినప్పుడు వేసుకున్న పల్చటి కోటు కళ్ళముందు ఆడుతోంది. లావుది వేసుకురాలేదేమే అంటే, అందులో ఎలుగుబంటిలా ఉంటాను అమ్మమ్మా అంది.

"అందరికీ శుభసాయంత్రం. నేను లవోన్‌ని. ఉత్తరపు బస్సు తుఫానులో ఇంకా చేరలేదు. డెల్బర్ట్‌కు ఈ దారులన్నీ కొట్టిన పిండి, ఎక్కడో ఒకచోట పిల్లల్ని భద్రంగా ఆపి ఉంచుతాడు. మంచు తోసే బండి వాళ్ళకోసమే వెళుతోంది. మీరెవరూ రోడ్డెక్కకండి. మీరు వెళితే ఆ బండి పిల్లల దగ్గరికి వెళ్ళడం కుదరదు. కబురు తెలిసిన మరుక్షణం మీకు చెబుతాను. ఇక రేపటి మధ్యాహ్న భోజనం. చిల్లీ, దాల్చినచెక్క రొట్టె."

గొంతు ఎక్కడా వణకలేదు. తిరిగి వినే తీరిక లేక మీట నొక్కేసింది.

జాబితాలో ఆఫీసు నంబరు కూడా ఉంటుంది, అన్నిటికన్నా చివర్న. అన్ని ఇళ్ళూ మోగాక ఆమె బల్లమీది ఫోను మోగింది. ఎత్తి తన గొంతు తనే వింది. బాగానే ఉంది, సాఫీగా ఉంది. చివరి మాట దగ్గర ఆమె కేలండరు వంక చూసింది.

రేపు బుధవారం. రేపు చేపముక్కలు.

చిన్న పొరపాటే. అయినా ముప్ఫై ఏళ్ళలో ఆమె నోట భోజనం తప్పు రాలేదు. ఆ మాటకు అసలు అర్థం ఏమిటో పట్టుకోగలిగిన మనిషి, లవోన్ లెక్కలో, జిల్లాలో ఒకతె ఉంది, కార్లీ తల్లి రీటా. భర్త రైలు డ్యూటీలో ఎక్కడో ఉన్నాడు, ఇంట్లో ఒక్కతే ఉంది. అమ్మ గొంతు ఎంత సాఫీగా ఉంటే లోపల అంత భయం ఉన్నట్టని చిన్నప్పట్నుంచీ ఎరిగిన పిల్ల.

లవోన్ కూతురింటికి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. మళ్ళీ చేసింది. సెల్ ఫోనుకు చేస్తే అందదని చెప్పింది మిషను. కొట్టంలో పశువులకు గడ్డి వేస్తోందేమో అనుకుంది. ఈ గాలిలో ఏ మనిషీ కొట్టంలోకి వెళ్ళదని కూడా తెలుసు.

అప్పుడు వెర్న్ లిండ్‌క్విస్ట్ ఫోను చేశాడు. రీటా ఇంటికి ఇవతల పొలం అతనిది, లవోన్‌తో ఒకే తరగతిలో చదివినవాడు.

"లవోన్, మీ రీటా ట్రక్కు మా ఇంటి ముందునుంచి ఇప్పుడే పోయినట్టుంది. ఎర్ర దీపాలు ఒక్క క్షణం కనబడ్డాయి, అంతే. నువ్వు వెళ్ళమన్నావా?"

"వెళ్ళొద్దని చెప్పాను. నువ్వూ విన్నావు గదా."

"విన్నాను."

గాలి ఫోను తీగల్లోనుంచి కూడా వినబడుతోంది.

"వెనక్కి వచ్చిందా?" అంది లవోన్.

"ఇంకా కనబళ్ళేదు. చూస్తూనే ఉన్నాను."

సరిగ్గా అప్పుడే వైర్‌లెస్ గరగరలాడింది. మంచు తోసే బండి డ్రైవరు, ఇవతలి దిబ్బ మీదికి వచ్చి పిలుస్తున్నాడు. బస్సు దొరికింది, ఖాళీగా ఉంది. డెల్బర్ట్ పిల్లలందర్నీ ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి, కంచె తీగ వెంట నడిపించి ఎమిల్ అనే ముసలాయన ఇంట్లో చేర్చాడు. అక్కడ ఫోను తీగ తెగింది. పిల్లలందరూ బాగున్నారు, పొయ్యి దగ్గర కూర్చుని ముసలాయన దాచుకున్న బిస్కెట్లన్నీ ఖాళీ చేస్తున్నారు. డ్వేన్ కుర్చీలో కూలబడి చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

లవోన్‌కు ఏడుపు రాలేదు. మనవరాలు బతికే ఉందన్న మాట విని కిటికీ వైపు తిరిగింది. పిల్లలు ఇంట్లో వెచ్చగా ఉన్నారు, వాళ్ళకోసం ఒక తల్లి మంచులో తిరుగుతోంది. మళ్ళీ అదే. నలభై తొమ్మిదిలో ఇళ్ళకు కబురు చెప్పే నోరు లేదు. ఇప్పుడు నోరుంది, ఆ నోరే కూతుర్ని రోడ్డెక్కించింది.

ట్రక్కు దిబ్బ మీదికి ఎక్కితే రీటా సెల్ ఒక్కోసారి అందుతుంది. ఒకే నంబరును పట్టుకుని మళ్ళీ మళ్ళీ మోగించే ఏర్పాటు కూడా ఆఫీసు మిషనులో ఉంది. లవోన్ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"రీటా, అమ్మనే. కార్లీ బాగుంది. పిల్లలందరూ ఎమిల్ ఇంట్లో ఉన్నారు. విన్నావా, బాగున్నారు. ఎక్కడున్నదానివి అక్కడే ఆగు. ట్రక్కు దిగకు. నీకు దణ్ణం పెడతాను దిగకే తల్లీ. మా నాన్న కూడా దగ్గరే అనుకుని నడిచాడు. నువ్వు వెర్న్ ఇల్లు దాటావు, అంతకంటే నాకేమీ తెలియదు. చిల్లీ అని పొరపాటున అన్నానే, భయమేసి అన్నాను..."

ఆపైన మాటలు రాలేదు, ఒట్టి ఏడుపు. చెరపలేదు. మీట నొక్కింది.

కొంతసేపటికి బల్లమీది ఫోను మోగింది. రీటా అనుకుని లాక్కున్నట్టు ఎత్తింది. తన ఏడుపే తనకు వినబడింది. కంగారులో ఒక నంబరు బదులు మొత్తం జిల్లాను నొక్కేసింది. చెరిపి చెరిపి దాచుకున్న గొంతు ఇంటింటికీ వెళ్ళిపోయింది.

"అయ్యో డ్వేన్, అందరికీ వెళ్ళిపోయింది. ఇప్పుడందరూ బయల్దేరతారు" అంటూ లేచి నిలబడింది.

ఎవరూ బయల్దేరలేదు. ఉత్తరపు రోడ్డు పొడుగునా ఇళ్ళలో ఉన్న దీపాలన్నీ వెలిగాయి. వాకిట్లో ఉన్న ట్రక్కుల్లోకి, ట్రాక్టర్లలోకి ఎక్కి, గేటు దాటకుండానే హారన్లు నొక్కడం మొదలుపెట్టారు. వెర్న్ మళ్ళీ ఆఫీసుకు ఫోను చేసి, దాన్ని వంటింట్లో తీసిపెట్టి, తలుపు తెరిచి ఉంచాడు. ఆ హారన్ మోత, గాలి, మళ్ళీ హారన్ మోత లవోన్ చెవిలో పడుతూనే ఉన్నాయి. ఎంతసేపు విందో ఆమెకు తెలియదు. డ్వేన్ పక్కన నిలబడి ఉన్నాడు, అతనూ ఆ మోతే వింటున్నాడు.

తర్వాత హారన్ ఆగిపోయింది. తలుపు మూసిన చప్పుడు. బూట్ల చప్పుడు, దగ్గు. ఎవరో ఫోను ఎత్తారు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"అమ్మా," అంది రీటా, "చిల్లీ గురువారం కదే."

లవోన్ ఫోనును రెండు చేతుల్తో పట్టుకుంది.

"ట్రక్కు గోతిలో పడింది. దిగి నడిచాను. తిట్టకు. ఎటు నడుస్తున్నానో తెలియలేదు, హారన్ వినబడి ఇటు తిరిగాను. వెర్న్ అంటున్నాడు, నేను వచ్చింది దొడ్డి వెనకనుంచట. ఇటు తిరక్కుండా అలాగే పోయి ఉంటే ఇక దిబ్బలే."

"దిగొద్దన్నానే."

"నీ మాట ఎప్పుడు విన్నాను గనక? కార్లీ ఏం చేస్తోంది?"

"బిస్కెట్లు తింటోంది," అంది లవోన్. అప్పుడు ఏడ్చింది, ఏ అడ్డూ లేకుండా.

బుధవారం బడి లేదు, కాబట్టి చేపముక్కలూ లేవు. గురువారం రోడ్లు తెరుచుకున్నాక బళ్ళో భోజనాల వేళకు పెద్దవాళ్ళు కూడా చాలామందే వచ్చారు, పిలవకుండానే. మంచుకు కమిలిన రీటా రెండు చేతుల వేళ్ళకూ కట్లున్నాయి, కార్లీయే రొట్టె ముంచి తల్లికి తినిపిస్తోంది. రెండు వేళ్ళ కొసలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. వెర్న్ పళ్ళెం పట్టుకుని లవోన్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"మంగళవారం నా గొంతు బాగానే ఉందనుకున్నాను వెర్న్. రీటా ఒక్కతే పట్టేసింది," అందామె.

"ఒక్కతేనా?" వెర్న్ రొట్టె తుంచాడు. "ఈ జిల్లాలో చిల్లీ గురువారమని తెలియనివాడెవడు? అందరికీ అర్థమైంది నువ్వు చచ్చేంత భయపడుతున్నావని. నా మనవడూ ఆ బస్సులోనే ఉన్నాడు. తాళంచెవులు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను."

"మరి వెళ్ళలేదేం?"

"వెళ్ళొద్దన్నావు కదా."

ఆ సాయంత్రం లవోన్ మామూలుగా ఫోను అందుకుంది. పోగొట్టుకున్న చేతి తొడుగుల సంగతి, వాయిదా పడిన ఆట సంగతి చెప్పింది. తుఫాను తర్వాత పిల్లలు నిద్రలో ఉలిక్కిపడితే వాళ్ళ పక్కన పడుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు అని చెప్పింది. రేపటి మధ్యాహ్న భోజనం అనేసరికి గొంతు వణికింది. పూర్తిచేసి, అలవాటు ప్రకారం ఒకసారి వింది. వణుకు స్పష్టంగా వినబడుతోంది. చెరపకుండా అలాగే పంపింది.