అవ్వ అడిగిన పందిరిమంచం

తిరుత్తణిలో మా ఇంట్లో ఒక పందిరిమంచం ఉండేది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఏలిన రాజావారి కోటలోది. కోట సామాను వేలం వేసినప్పుడు తాత దాన్ని ఎద్దులబండి మీద తెచ్చాడు. అవ్వ పట్టుబట్టిందని తెచ్చాడు. చిన్నతనంలో అవ్వ ఆ కోటలోనే పనిపిల్ల. అదే మంచం పక్కన కటిక నేల మీద కూర్చుని రాణిగారికి విసిరి విసిరి, అక్కడే ఒరిగి నిద్రపోయేదట. "పోతే దీని మీదనే పోతా" అనేది మాతో.

నేను తిరువళ్ళూరులో గుమాస్తాగా చేరిన ఏడే అవ్వ జబ్బుచేసి ఆ మంచం మీదనే పడింది. ఒకరోజు సాయంత్రం రైలు దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె కింద చాప మీద ఉంది. ప్రాణం పోయేవాళ్ళను నేలకు దించడం మా ఆచారం. మంచం మీద పోతే ఆ మంచం ఇంట్లో ఉంచకూడదు, ఎవరికైనా ఇచ్చేయాలి. ఎగశ్వాస చూసి పెదనాయన తొందరపడ్డాడు. అవ్వ మీద కన్నా మంచం మీద ఆయనకు ప్రేమ ఎక్కువ. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాటికి అవ్వ ఊపిరి కుదుటపడింది. గంజి తాగింది. "యాడ పండబెట్టినారు నన్ను?" అని అడిగింది. దించినవాళ్ళను మళ్ళీ మంచం ఎక్కిస్తే ఇంటికి అరిష్టమట. నాయన అన్నగారి మాట దాటే మనిషి కాదు, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఐదు రోజులు మంచం మీదికి ఎత్తమని అడిగింది. ఆదివారం నాడు నేనే ఆమె కింద చేతులు పెట్టి ఎత్తాను. ఎముకలు తప్ప ఏమీ లేవు. పెదనాయన గడపలో నిలబడ్డాడు.

"దించినంక ఎత్తకూడదు మే. మీ నాయన మీదికి వస్తాది, తెలుసునా?"

నేను ఇవన్నీ నమ్మను. చదువుకున్నదాన్ని. కానీ అవ్వ వినేసింది. నా జాకెట్టు చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డ మీదికా? వద్దులే అమ్మా, దించు."

అంతా అబద్ధమవ్వా అనాలి నేను. ఎత్తి మంచం మీద పడుకోబెట్టాలి. నాయనకేమైనా అయితే అన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందో. దించేశాను.

ఇంకో ఆరు రోజులు ఉంది. మంచం సంగతి మళ్ళీ ఎత్తలేదు. నాయన బయటి నుంచి వచ్చినప్పుడల్లా "ఒళ్ళు బాగుందా నాయనా" అని మాత్రం అడిగేది.