సరంగు ఫంగ్ రెండో వాంగ్మూలం

షావ్ కీ వాన్ రేవులో సరంగు ఫంగ్‌ని ఎరగని మనిషి లేడు. అసలు పేరు ఫంగ్ కామ్‌తో. చిన్న సరుకు ఓడల మీద డెక్కు మనుషులందరికీ పెద్ద. ఆయన గొంతు విప్పితే రేవు ఆ చివర నిద్రపోయే పిల్లులు కూడా లేచేవి. నాది ఓడలకి తాళ్లు, రంగులు, లాంతర్లు అమ్మే కొట్టు. పొద్దున్నే చేప గంజి తాగడానికి మా ఇద్దరిదీ ఒకటే బల్ల. నన్ను తమ్ముడూ అనేవాడు. తాళ్ల ధర మాత్రం అన్న లెక్కన బేరమాడేవాడు.

బ్యాంకాక్ నుంచి బియ్యం తెస్తున్న ఓడ తుఫానులో చిక్కుకుని, సగం సరుకు తడిసి, ఒక మనిషిని సముద్రానికి వదిలేసి వచ్చిందే, ఆ ప్రయాణం తర్వాత ఆయన గొంతు పడిపోయింది. గంజి ముందు పెట్టుకుని చల్లారేదాకా చూస్తూ కూర్చునేవాడు. పోయిన మనిషి పేరు యిక్ మాన్‌హోయ్, ఆయన కింద పనిచేసే నావికుడు. యిక్ భార్య సౌఫన్‌ది మా వీధిలోనే ఎండు చేపల అంగడి. ఫంగ్ ఆ అంగడి ముందు నుంచి నడవడం మానేశాడు. ఎక్కడికి వెళ్లాలన్నా వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్లేవాడు. పాపం, తన మనిషి పోయాడని దిగులు పెట్టుకున్నాడనుకున్నాం అందరం.

మరుసటి ఏడు, సముద్రం మీద వెళ్లేవాళ్లని కాచే తిన్ హావ్ అమ్మవారి పండగనాడు గుడి కిటకిటలాడుతోంది. సౌఫన్ అగరొత్తులు పట్టుకుని, అందరూ వింటుండగానే, చచ్చిపోయిన మొగుడితో దెబ్బలాటకి దిగింది.

"ఎవడు వెళ్లమన్నాడయ్యా నిన్ను? ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా ఆ తుఫానులో డెక్కు మీదకి పోతావా? మొనగాడినని చూపించుకోవాలా? నేను గుర్తు రాలేదా నీకు?"

పక్కనున్న ముసలామె ఊరుకోబెట్టబోతే సౌఫన్ ఆమె చెయ్యి విదిలించుకుంది. "వదిలెయ్ అత్తా. కాయితంలో అలాగే రాసుంది. తన ఇష్టంతోనే వెళ్లాడట. అందుకే కంపెనీ కూడా మాకేం సంబంధం లేదంది" అంది.

నా పక్కన నిలబడ్డ ఫంగ్ చేతిలోంచి అగరొత్తులు జారి కింద పడ్డాయి. ఏరుకోలేదు.

మర్నాడు కొట్టు తెరవకముందే వచ్చాడు. "తమ్ముడూ, నువ్వు మిషన్ బడిలో ఇంగ్లీషు చదివావుగా. సెంట్రల్ దాకా నాతో రా."

ఆఫీసులన్నీ ఉండే సెంట్రల్‌కి వెళ్లే ట్రాములో, పై అంతస్తులో కూర్చున్నాక, కిటికీలోకి చూస్తూ చెప్పాడు. బ్యాంకాక్‌లో బయల్దేరేముందు సరుకు గదుల మూతలకి టార్పాలిన్ బిగించి, చెక్క చీలలు గట్టిగా కొట్టారో లేదో ఒక్కొక్కటీ తట్టి చూడడం సరంగు పని. ఆ రోజు పేకాట మధ్యలో ఉండి, చివరి మూత చూడకుండానే చూశానని కెప్టెన్‌కి చెప్పాడు. తుఫానులో ఆ మూతే వదులైంది. యిక్‌ని పిలిచి, వెళ్లి చీలలు కొట్టి రమ్మన్నాడు. వెళ్లినవాడి మీద అల విరుచుకుపడింది.

"రేవుకి రాగానే కెప్టెన్ నన్ను గదిలోకి పిలిచాడు. మూత బాగానే బిగించి ఉంది, యిక్ ఎవరూ చెప్పకుండా వెళ్లాడు, అలా చెబితే నీకూ నాకూ ఉద్యోగం ఉంటుందన్నాడు. సరేనన్నాను. సెంట్రల్‌లో లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు. నేను చెప్పిందంతా ఆయన కాయితం మీద పెట్టాడు. సంతకం చేశాను. ఆయన ఎర్ర ముద్ర వేశాడు. లాయరే ముద్ర వేశాడంటే ఇక ఇది ఖాయమైపోయినట్టే, తప్పూ ఒప్పూ ఆయనే చూసుకుంటాడనుకున్నాను. ఏడాదిగా ఆ ముద్రని పట్టుకునే పడుకుంటున్నాను, తమ్ముడూ."

ఆ మనిషితో ఒకే బల్ల మీద ఏడాది పాటు గంజి తాగాను.

ఆ లాయరు ఔయాంగ్. నెరిసిన జుట్టు, మాట నిదానం. గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద సొలిసిటర్ అనీ, నోటరీ అనీ రెండు మాటలూ చెక్కి ఉన్నాయి. ఫంగ్ కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అయ్యా, పోయినేడు మీ దగ్గర నేను చెప్పింది అబ..."

"ఆగండి." ఔయాంగ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంకొక్క మాట కూడా చెప్పకండి. ముందు కూర్చోండి."

ఫంగ్ కూర్చున్నాడు. ఔయాంగ్ తలుపు మూసి వచ్చాడు.

"ఆ రోజు మీ విషయంలో నేను నోటరీని, మీ లాయర్ని కాదు. నా పలక మీద రెండు మాటలుండేసరికి అందరికీ ఇదే తికమక. నోటరీ ఎవరి పక్షమూ కాదు. వచ్చిన మనిషి ఫలానా అని చూస్తాడు, చెబుతున్నది అర్థమయ్యే చెబుతున్నాడా, ఇష్టపడే సంతకం చేస్తున్నాడా అని చూస్తాడు, ముద్ర వేస్తాడు. ఎక్కడో దూరదేశంలో ఉన్నవాడు ఆ కాయితాన్ని నమ్మడానికి. మీరు ఆ మాట చెప్పారన్నంత వరకే నా పూచీ. ఆ మాట నిజమని నేను ముద్ర వెయ్యలేదు."

ఫంగ్ కుర్చీ అంచుకి జరిగాడు. "మరి... మీరు ఒప్పుకున్నట్టు కాదా?"

"కాదు, ఫంగ్ గారూ. ఆ మాట మీదే. ఇప్పుడూ మీదే." చీటీ మీద ఒకావిడ పేరు రాశాడు. "మీకు కావలసింది సొలిసిటర్. మీ తరఫు మనిషి. నాకు చెబితే, నేను ముద్ర వేసిన కాయితం తప్పని అధికారులకి చెప్పక తప్పదు. ఆవిడకి చెప్పింది, మీరు సరేనంటే తప్ప ఆ గది దాటదు."

కిందికి దిగాక ఫంగ్ మెట్ల మీదే కూలబడ్డాడు. "అంటే ఇన్నాళ్లూ అది నా ఒక్కడి మీదే ఉందన్నమాట" అన్నాడు. నేను సిగరెట్టు వెలిగించి చేతికిచ్చాను.

సొలిసిటర్ పేరు మిస్ మోక్. వయసులో మా ఇద్దరికంటే చిన్నదే. ఫంగ్ మొత్తం చెప్పాడు, పేకాటతో సహా. ఆవిడ ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు.

"మీ తరఫు మనిషిగా నా సలహా, నోరు విప్పకండి" అంది. "కెప్టెన్ ఎటూ ఒప్పుకోడు. మీరు చెబితే ఓడ పని పోతుంది, అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందుకు జైలు కూడా పడొచ్చు. చెప్పకపోతే మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"మీరు నన్ను తిట్టరా?"

"తిట్టడం నా పని కాదు."

"ఎవరో ఒకరు తిట్టాలి కదమ్మా. ముద్ర వేసినాయనేమో నా మాట నాకే అంటగట్టాడు. మీరేమో నన్ను కాపాడతానంటున్నారు. ఆ అమ్మాయి మాత్రం గుళ్లో నిలబడి, చచ్చిపోయినవాణ్ని తిడుతోంది. ఆ తిట్లు నావి."

మిస్ మోక్ కలం కింద పెట్టింది. "అయితే నా సలహా వినరా?"

"విన్నాను. మీరు నా మంచికే చెప్పారు. ఇప్పుడు నేను చెప్పినట్టు రాయండి."

అలాగే రాసింది. ఎక్కడ ఏ మాట ఆయన్ని ఎక్కువ ఇరికిస్తుందో చూపించింది. ఒక చోట "పని ఒత్తిడిలో మూత చూడడం మరిచాను" అందామా అని అడిగింది. "మరవలేదు. పేకాటలో ఉన్నాను. అదే రాయండి" అన్నాడు. ఆ కాయితం తీసుకుని మళ్లీ ఔయాంగ్ దగ్గరికి వెళ్లాం, ఈసారి మిస్ మోక్ కూడా వచ్చింది. ఔయాంగ్ మొదటిసారి అడిగినవే అడిగాడు: మీరు ఫలానా కదా, ఇందులో ఏముందో అర్థమైంది కదా, ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా. మెచ్చుకోలేదు, నిలదియ్యలేదు. ముద్ర వేశాడు.

కాయితం అధికారులకి చేరేదాకా సౌఫన్ దగ్గరికి వెళ్లొద్దని మిస్ మోక్ గట్టిగా చెప్పింది. ఇంకొకరి నోట ఆవిడ వినకూడదని ఫంగ్ ఆ సాయంత్రమే వెళ్లాడు. నన్ను కూడా రమ్మన్నాడు. సౌఫన్ చేపలు బుట్టల్లోకి సర్దుతోంది.

"ఏం సరంగు గారూ, ఇన్నాళ్లకి మా వీధి గుర్తొచ్చిందా? ఉప్పు చేప కావాలా?"

"నేనే వెళ్లమన్నానమ్మా."

"ఎక్కడికి?"

"యిక్‌ని. డెక్కు మీదకి. నేనే పంపాను. మూత నేను చూడకపోవడం వల్లే వదులైంది. కాయితంలో రాసింది అబద్ధం."

ఆవిడ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆవిడ చేపని బుట్టలో పెట్టింది.

"నేను ఏడాది నుంచి ఆయన ఫొటో ముందు అన్నం పెట్టలేదు. కోపంతో. తెలుసా నీకు?"

ఫంగ్ తల వంచుకున్నాడు.

"ఏడాదంతా ఆయన ఆకలితో ఉన్నాడు" అంది. "పో ఇక్కణ్నించి."

కెప్టెన్ అప్పటికే వేరే దేశపు కంపెనీలో చేరిపోయాడు, దేనికీ జవాబివ్వలేదు. ఫంగ్‌కి ఓడ పని పోయింది, కొన్నాళ్లు జైలు పడింది. మిస్ మోక్ కోర్టులో చాలా గట్టిగా వాదించిందని విన్నాను. ఆయన కోసం వాదించినన్నాళ్లూ ఆయన నేల చూపులు చూస్తూనే ఉన్నాడట. కంపెనీ సౌఫన్‌కి ఇవ్వవలసిన పరిహారం ఇచ్చింది. గుడి దగ్గర ఆడవాళ్లు, "మీ ఆయన చెప్పిన పని చెయ్యడానికే వెళ్లాడటగా" అంటుంటే ఆవిడ వింటూ నిలబడేది.

జైలు నుంచి వచ్చాక ఫంగ్ పడవల మరమ్మతు యార్డులో చేరాడు. ఒడ్డుకి లాగిన పడవల అడుగున అంటుకున్న గుల్లలు గీకే పని. తన కింద పనిచేసిన కుర్రకారే ఇప్పుడు ఆయనకి పని చెబుతారు. "బరువు కాస్త తగ్గిందా అన్నా?" అని ఒకసారి అడిగాను. "తగ్గడానికా చెప్పింది?" అన్నాడు. మళ్లీ అడగలేదు.

వానలు మొదలయ్యే రోజుల్లో, నేను యార్డుకి తాళ్లు దింపుతుండగా, సౌఫన్ గొడుగు వేసుకుని బురదలో నడుచుకుంటూ వచ్చింది. ఫంగ్ పడవ కింద వెల్లకిలా పడుకుని గీకుతున్నాడు. ఆవిణ్ని చూసి గబగబా లేచి నిలబడ్డాడు.

"ఒక్కటే అడగడానికొచ్చాను" అందావిడ. "నువ్వు వెళ్లమన్నప్పుడు ఆయన ఏమన్నాడు? నీ కాయితంలో అది లేదు."

ఫంగ్ మొహం మీది బురద తుడుచుకున్నాడు. "ఎవరూ అడగలేదమ్మా."

"నేను అడుగుతున్నాను."

"టీ తాగుతున్నాడు. గ్లాసు నా చేతికిచ్చాడు. 'పట్టుకో అన్నా, ఇప్పుడే వస్తా' అన్నాడు. భయపడలేదు. నవ్వాడు కూడా."

సౌఫన్ గొడుగు పక్కకి ఒరిగింది. వాన భుజం మీద పడుతున్నా సరిచేసుకోలేదు. "నవ్వాడా?" అంది. ఆయన తల ఊపాడు. ఆవిడ వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఫంగ్ గీకుడు కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పోటు నీళ్లు కాళ్ల దగ్గరకి వస్తున్నాయి. పడవ నీళ్లలోకి తొయ్యాలి, పక్కకి జరగమని మేస్త్రీ కేకలు వేస్తున్నాడు. నేనే వెళ్లి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను.