నికెల్, రాగి, నాన్న డోంగీ

నా చదువు గురించి మా దీవిలోని జాలరిపేట జంగ్లీఘాట్‌లో ఎవరడిగినా నాన్న ఒకే జవాబు చెప్పేవాడు. "మా అమ్మి కాలేజీలో కొబ్బరి డొక్కలు ఉడకబెడతాది." అందులో అబద్ధం లేదు కాబట్టి నాకు ఇంకా ఒళ్లు మండేది. కాయ మీది పీచు తొక్కలైన ఆ డొక్కల్ని ఆమ్లంలో ఉడికిస్తే ఫర్ఫ్యూరాల్ అనే ద్రవం వస్తుందనీ, దాన్ని హైడ్రోజన్‌తో కలిపి ఉత్ప్రేరకం మీదుగా పంపితే పెట్రోల్లో కలుపుకోదగ్గ ఇంధనం అవుతుందనీ ఎన్నిసార్లు చెప్పానో. ఆయన చెవికెక్కింది డొక్కల దాకానే.

ఆ ఉత్ప్రేరకం నా ప్రాణం తోడేసింది. నికెల్ ఒక్కదాన్నే వాడితే ఆగమన్న చోట ఆగదు. కావలసినదాన్ని దాటేసి, అణువును ముక్కలు చేసి గ్యాసుగా పంపేసి, చివరికి తన ఒంటికే మసి పూసుకుని చతికిలబడుతుంది. రాగి ఒక్కదాన్నే పెడితే పని సగం కాకముందే సాయంత్రమైపోతుంది. రెండూ కలపాలి, సరే. ఏది ఎంత అన్నది తేలక నెలల తరబడి కొట్టుకున్నాను. మధ్యలో హైడ్రోజన్ సిలిండర్ అయిపోతే చెన్నై నుంచి ఓడ రావాలి. సముద్రం బాగోలేదంటే ఓడ రాదు. అలాంటప్పుడు మా ప్రొఫెసర్ మేడమ్ ప్రశాంతంగా టీ తాగేది, నేను గోళ్లు కొరుక్కునేదాన్ని.

రాగి ఎక్కువ, నికెల్ తక్కువ అని తేలిన రోజు ఇంటికి పరుగెత్తుకొచ్చి అన్నాల దగ్గర చెప్పాను. నికెల్‌ది అచ్చం అమ్మ తత్వం, రాగిది నాన్న తత్వం, ఇద్దరూ ఒకే రేణువు మీద పక్కపక్కన కూర్చుంటేనే పని సవ్యంగా అవుతుందని వివరించాను.

"అంటే ఈ ఇంట్లో నాను తక్కువుండాలేటి?" అమ్మ గరిటె ఎత్తింది.

"సైన్సే సెప్తంది గదా, నాకేటి తెలుసు," అన్నాడు నాన్న చేప ముల్లు తీసుకుంటూ. ఆ పూట ఆయన కంచంలో రెండోసారి పులుసు పడలేదు.

తర్వాత ల్యాబ్‌లోని చిన్న జనరేటర్ నా ఇంధనం కలిపిన పెట్రోల్‌తో చక్కగా తిరిగింది. మేడమ్ సంతోషించింది. నాకు మాత్రం చాల్లేదు. నాన్న వేటకెళ్లే చిన్న పడవ, అదే డోంగీ, దాని వెనక తగిలించే పెట్రోల్ ఇంజిన్ ఒకటుంది. దాన్ని ఆయన నాకంటే ముద్దుగా చూసుకుంటాడు. అందులో నా సీసా పోసుకుని ఆయన వేటకు వెళ్లాలి. అప్పుడుగానీ నేను చేసింది నిజంగా ఇంధనమని నాకు నమ్మకం కలగదు, ఆయనకూ కలగదు.

"నడి సముద్దరంలో ఇంజిన్ బందైపోతే నువ్వొచ్చి తెడ్డేత్తావా?" అన్నాడు.

"వేస్తాను."

"బస్, ఇంక మాటాడకు."

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అమ్మ రంగంలోకి దిగింది. "మిన్నీ బేలో కొబ్బరిబొండాల బండి కాడ డొక్కలేరింది నాను. ఎండబెట్టింది నాను. నువ్వది పొయ్యకపోతే రేపట్నుంచి కూర నువ్వే వండుకో." నికెల్ పని మొదలుపెట్టాక ఇక ఆగుతుందా! నాన్న తల గీరుకున్నాడు.

సముద్రం మీదికి కొత్తది ఏది వెళ్లినా మా ఇంట్లో బొట్టు పెట్టాల్సిందే. మర్నాడు పొద్దున్నే అమ్మ నా ల్యాబ్ సీసాకు పసుపు రాసింది. 'త్వరగా నిప్పంటుకునే ద్రవం' అన్న చీటీ మీదే కుంకుమ దిద్దింది. జెట్టీ దగ్గర నాన్న దాన్ని పెట్రోల్ డబ్బాలో వంపి, బాగా కుదిపాడు.

ఏం పోస్తున్నాడోనని పక్క డోంగీ అతను మెడ సాచాడు. "క్యా డాల్ రహే హో భయ్యా?"

"నారియల్ కా రస్," కొబ్బరి రసమన్నాడు నాన్న గంభీరంగా. తర్వాత నీళ్లవైపు తిరిగి, నాకు వినపడదనుకుని, "గంగమ్మ తల్లీ, మా అమ్మి సేసింది, సూసుకో," అన్నాడు. ఇంజిన్ అందుకుంది. డోంగీ కనుమరుగయ్యేదాకా నేను ఆ చప్పుడే వింటూ నిలబడ్డాను.

ఆ రోజు ల్యాబ్‌కు వెళ్లలేదు. జెట్టీ మీదే కూర్చున్నాను. ఎండ నడినెత్తికొచ్చాక నాన్న వచ్చాడు, బుట్ట నిండా చేపలతో.

"ఎలా నడిచింది?"

"ఏటి?"

"ఇంజిన్, నాన్నా!"

"రోజూలాగే నడిసింది. నాకేటీ తేడా తెల్నేదు."

తేడా తెలియలేదా! నా ఇన్నేళ్ల చదువు, అన్ని సిలిండర్లు, ఆ గోళ్లు! కోపంతో రెండడుగులు వెనక్కి నడిచి ఠక్కున ఆగిపోయాను. ఇంజిన్‌కు తేడా తెలియకూడదనే కదా నేను ఇన్నాళ్లూ కష్టపడింది. సముద్రాన్ని, ఇంజిన్‌ను చెవితో వినే మనిషి ఇంతకంటే మంచి మాట ఏం చెప్తాడు? జెట్టీ మీద అందరూ చూస్తుండగా పగలబడి నవ్వాను.

నాన్నకు ఏమీ అర్థం కాలేదు. చేపల బుట్ట దించి, ఖాళీ డబ్బా నా చేతికిచ్చాడు.

"రేపటికి ఉందేటి?"

ల్యాబ్‌లో ఒక్క చుక్క మిగల్లేదు. లేదని చెప్పడంలో ఇంత ఆనందం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.